ఎర్రదిబ్బ మీద మొదటి కుండ

దుమ్ముకాలం, మొదటి సోమవారం

మొత్తానికి నాకూ ఒక మూల దొరికింది. మూడో మెట్ల కింద, గొట్టాల పక్కన, లేచి నిలబడితే తల తగిలేంత చోటు. ఎర్రదిబ్బలో నలభై నిండిన ప్రతివాళ్ళకీ సంఘం ఇలాంటి మూల ఒకటి ఇస్తుంది. ఊరి పని అయిపోయాక అక్కడ కూర్చుని మనకి ఇష్టమైనది చేసుకోవచ్చు. దాన్ని సొంత పని అంటాం. ఒకాయన మీసాలకి రంగు తయారుచేశాడు. ఇంకొకావిడ వీణ చేయబోయి ఉయ్యాల చేసింది. ఎవరూ ఏమీ అనరు. కాకపోతే రెండు షరతులు. పని మూడుసార్లు చెడితే మూల తిరిగి ఇచ్చేయాలి. రెండోది, ఎలా చెడిందో రాసిపెట్టాలి. బాగా వచ్చింది రాయకపోయినా ఫరవాలేదట, చెడింది మాత్రం దాచకూడదట. తర్వాత వచ్చేవాళ్ళకి అదే పనికొస్తుందట. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నా రాత కోడిగీతల్లా ఉంటుంది, చదివేవాళ్ళు సర్దుకోండి.

నా పేరు నూకరత్నం. ఊరి పని గొట్టాలు తడమడం. రోజూ పొద్దున్నే బయల్దేరి, ఊరి నీటిగొట్టాలకి ఎక్కడెక్కడ అతుకులున్నాయో అక్కడల్లా మునివేళ్ళు ఆనించి చూస్తాను. తడి తగిలితే కారుతున్నట్టే. వెంటనే లక్క పెట్టి మూసేయాలి. అంగారకుడి మీద నీళ్ళు పోగొట్టుకుంటే మళ్ళీ తెచ్చుకోవడానికి పక్కన ఏరు లేదు.

నేను చేయాలనుకున్నది కుండ. ఆ మాట చెప్పగానే సంఘం గదిలో అందరూ నవ్వారు. వాళ్ళని తప్పుపట్టలేను. ఈ ఊళ్ళో నిజం కుండని కళ్ళతో చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా నోరు తెరిస్తే కుండే. నవ్వడం అయిపోయాక సంఘం పెద్ద గొంతు సవరించుకుని, "కుండ బద్దలు కొట్టినట్టు సెప్తన్నాను రత్నం, ఇది అయ్యే పని కాదు" అన్నాడు. ఆ కుండ ఎలా ఉంటుందో, బద్దలు కొడితే ఏ చప్పుడొస్తుందో ఆయనకీ తెలియదు. మాటలు మాత్రం మా ముత్తాతలతో పాటు భూమి మీద నుంచి వచ్చి ఇక్కడ దిగిపోయాయి.

చిన్నప్పుడు పాఠంలో ఒక వాక్యం ఉండేది. మట్టికుండలో పోసిన నీళ్ళు చల్లబడతాయి అని. యంత్రం లేకుండా, కరెంటు లేకుండా, ఉత్త మట్టి నీళ్ళని ఎలా చల్లబరుస్తుందని మాస్టారిని అడిగాను. అక్కడ అలాగే చల్లబడేవి, కూర్చో అన్నారు. కూర్చున్నాను గానీ ఆ ప్రశ్న నన్ను ఇప్పటిదాకా కుదురుగా కూర్చోనివ్వలేదు. చల్లదనానికి ఇక్కడ కరువా, నేల కిందున్న ఈ ఊరు దాటి పైకెళ్తే ప్రాణం పోయేంత చలి కదా అని మీరు అడగొచ్చు. నిజమే. కానీ ఆ చలికి గొట్టాలు బిగుసుకుపోకుండా వాటిని కొలిమి పక్క నుంచి తిప్పారు. బయటి గోడకి ఆనించిన నీళ్ళు గడ్డకట్టి గిన్నెని చీల్చేస్తాయి. మా నీళ్ళు అయితే గోరువెచ్చన, కాకపోతే గడ్డ. ఆ రెండింటి మధ్యలో ఏముంటుందో ఎవరికీ తెలియదు. నాకు అది తెలుసుకోవాలని ఉంది.

దుమ్ముకాలం, రెండో గురువారం

మట్టి సిద్ధమైంది. పైనుంచి వచ్చే ఎర్రమట్టిలో విషపు ఉప్పు ఉంటుంది. కడిగాను, మళ్ళీ కడిగాను, కడిగిన నీళ్ళు వడపోతకి పంపాను. అడుగున మెత్తటి ముద్ద మిగిలింది. వేలితో నొక్కితే వేలిగుర్తు అలాగే నిలిచిపోయింది. నిజం చెప్పాలంటే ఇవాళ సగం పొద్దు ఆ ముద్దని నొక్కుతూ కూర్చోవడానికే సరిపోయింది. మా ఊళ్ళో వస్తువులన్నీ గట్టివి, లేదంటే ఒలికిపోయేవి. నొక్కినచోట నొక్కినట్టు ఉండి, మళ్ళీ నొక్కితే మాట వినే వస్తువుని నేను ఇంతవరకూ చూడలేదు.

మా అక్క మొగుడు అసిరినాయుడు గాజు కొలిమి దగ్గర పెద్ద. పాత గాలిపంకా మోటారు ఒకటి తెచ్చి, దాని మీద పళ్ళెం బిగించి ఇచ్చాడు. భూమి మీద కుమ్మరి ఒకాయన చక్రం తిప్పుతున్న పాత వీడియో చూసి, సరిగ్గా అంత వేగంతోనే తిప్పాను. ముద్ద లేచి ఎగిరింది. ఎగిరి బావ నుదుటికి అంటుకుంది.

"ఏటి మరదలా, బొట్టెట్టినావా?" అన్నాడు తుడుచుకుంటూ.

వీడియోలో ముద్ద తన బరువుతో చక్రం మీద బైఠాయించింది. ఇక్కడ దేనికీ అంత బరువుండదు. అక్కడి వేగం ఇక్కడ చెల్లదని చక్రం పక్కన పెట్టేశాను. ఎగిరిపోయింది లెక్కలోకి రాదని సంఘం ఒప్పుకుంది. ఇక చేత్తోనే చేయాలి.

దుమ్ముకాలం, మూడో ఆదివారం

మట్టిని తాళ్ళలా పేని, చుట్ట మీద చుట్ట పెట్టి, లోపల ఒక చెయ్యి ఆనించి బయట చెక్కతో తట్టాను. వంకరగానే వచ్చింది గానీ కడుపు ఉంది, మెడ ఉంది, మూతి ఉంది. దాన్ని చూస్తుంటే ఎవరో కొత్త మనిషి నా ఎదురుగా కూర్చున్నట్టు అనిపించి కాసేపు పలకరించాను కూడా.

అంతలో అప్పగింత గంట కొట్టారు. పూర్వం పెళ్ళిళ్ళలో పిల్లని అప్పగించేవారట. మేము రోజూ సాయంత్రం తడిని అప్పగిస్తాం, ఏడుపు ఒక్కటే తక్కువ. ఇళ్ళలో మిగిలిన నీళ్ళు, తడిబట్టలు, కడిగిన గిన్నెలు, ఆకుకూర కాడలు, అన్నీ ఆరుడు గదికి చేరాలి. అక్కడి వేడిగాలి తడినంతా పీల్చి ఊరి తొట్టిలోకి పంపుతుంది. తలంటుకున్నవాళ్ళు కూడా వెళ్ళి జుట్టు ఆరేదాకా నిలబడాల్సిందే. రాత్రికి ఎవరి దగ్గరా తడి ఉండకూడదు. అది చట్టం అని కూడా మాకు అనిపించదు. పళ్ళు తోముకోవడంలాంటిది.

ఆ గుమ్మంలో మా సన్యాసమ్మ పిన్ని కూర్చుంటుంది. ఊరి నీళ్ళకి కాపలా ఆవిడే. సొంత పనులు చెడ్డాయో బాగుపడ్డాయో చూసి చెప్పేది కూడా ఆవిడే. మా అమ్మకి సొంత చెల్లెలు గానీ నీళ్ళ దగ్గర ఆవిడకి చుట్టరికాలు లేవు.

"ఏటే ఇది?" అంది.

"కుండ పిన్నీ."

"తడిగున్నాది."

"మట్టి కదా మరి."

"మట్టయితే ఏటి? లోపలెట్టు."

పెట్టాను. పొద్దున్న వెళ్ళి చూస్తే మూతి నుంచి కడుపు దాకా నిలువునా చీలిపోయి ఉంది.

"ఒకటి పోనాది" అని పిన్ని తన గోడ మీద గీత గీసింది. నా ముఖం చూసి, "ఇంకా రెండున్నాయి లేవే" అని కూడా అంది. ఆ మాత్రం చుట్టరికం చూపించినందుకు సంతోషించాలి.

దుమ్ముకాలం, ఐదో బుధవారం

పగిలినదాన్ని ముందేసుకుని చాలాసేపు చూశాను. కోపం వచ్చింది, తర్వాత పోయింది. చీలిక అంచు లోపల ముదురు రంగు, పైన లేత రంగు. అలా ఎందుకుందో అప్పుడు ఆలోచించలేదు. మట్టి మరీ జిగటగా ఉందేమో, ఇసుక కలిపితే సరిపోతుందేమో అనుకున్నాను. అరచేతిలో పట్టేంత చిన్న చిన్న మూకుళ్ళు చేసి, ఒకదాంట్లో కాస్త ఇసుక, ఇంకోదాంట్లో ఇంకాస్త కలిపి, సాయంత్రం సాయంత్రం ఆరుడు గదికి మోశాను. ఇలాంటి పరీక్ష ముక్కలకి గీతలుండవు. ఇసుక పెరిగేకొద్దీ చీలికలు సన్నబడ్డాయి. మరీ పెంచితే ముద్ద నిలవకుండా రాలిపోయింది. మధ్యలో ఎక్కడో సరైన చోటు ఉంది. దాన్ని వెతుక్కోవడం ఎంత బాగుందంటే, గొట్టాలు తడుముతున్నప్పుడు కూడా వేళ్ళకి ఇసుక గుర్తొచ్చేది.

చివరికి పెద్ద కుండ చేశాను. సన్నటి చీలికలు రెండొచ్చాయి. పల్చటి మట్టినీళ్ళతో పూడ్చి, మళ్ళీ ఆరబెట్టి, బావ కొలిమిలో పెట్టించాను. రేపు తీస్తారు.

దుమ్ముకాలం, ఐదో గురువారం

పేలింది. కాలుతుండగానే కొలిమిలో టపాకాయలా పేలింది. పెంకులు ఎగిరి, పక్కన కరుగుతున్న గాజులో పడ్డాయి. కూరగాయల గదికి చేస్తున్న అద్దాలు అవి. అన్నీ పోయాయి. బావ పది రోజుల కష్టం.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "ఎల్లిపో రత్నం" అన్నాడు, అంతే. మరదలా అనలేదు.

పిన్ని రెండో గీత గీసింది.

మూలకి వెళ్ళాలనిపించలేదు. ఇంట్లో కూర్చుని ఏడ్చాను. ఈ ముఖంతో అప్పగింతకి వెళ్తే పిన్ని నన్ను కూడా ఆరుడు గదిలో నిలబెడుతుందేమో అని మధ్యలో నవ్వొచ్చింది. ఇంకొక్కసారి చెడితే మూల పోతుంది. మూల పోయినవాళ్ళని పుట్టగొడుగుల అరల్లో ఎవరికో సాయంగా వేస్తారు. పుట్టగొడుగుల మీద నాకు పగలేం లేవు. కానీ మట్టి నీళ్ళని ఎలా చల్లబరుస్తుందో తెలియకుండానే నా ఆయుష్షు అయిపోతుంది. దానికే ఏడుపు.

మంచుకాలం, మొదటి మంగళవారం

ఇన్నాళ్ళూ ఏమీ రాయలేదు, రాయడానికి ఏమీ లేదు కాబట్టి. ఇవాళ ఉంది.

నాలుగో వరసలో గొట్టాల పెట్టె తెరిచాను. అతుకు దగ్గర ఎర్రగా ఏదో అంటుకుని ఉంది. ఏమిటా అని గోకితే అప్పుడు గుర్తొచ్చింది. కొలిమి గొడవకి ముందు రోజు అక్కడ కొంచెం తడి తగిలింది. చేతిలో లక్క లేదు. జేబులో మట్టి ముద్ద ఉంటే అదే అద్ది, పెట్టె మూసి, లక్క తెద్దామని వెళ్ళాను. తర్వాత కొలిమి పేలింది, ఇది మర్చిపోయాను. అప్పటి నుంచి ఆ వరస చూస్తున్న వేరే మనిషి ఆ అతుకుని అవతలి నుంచి బిగించాడు గానీ మట్టిని పట్టించుకోలేదు.

ముద్దని ఊడదీశాను. రాయిలా ఉంది. నా బొటనవేలి గుర్తు చెక్కినట్టు నిలిచి ఉంది. ఎక్కడా చీలిక లేదు.

అక్కడే నేల మీద చతికిలబడ్డాను. అదే మట్టి. అదే ఇసుక. ఆరుడు గదికి మాత్రం వెళ్ళలేదు. మూసిన పెట్టెలో, ఎవరూ తరమకుండా, దాని ఇష్టం వచ్చినన్ని రోజులు ఆరింది.

అప్పుడు చీలిక అంచులో చూసిన రెండు రంగులూ కళ్ళ ముందుకొచ్చాయి. వేడిగాలికి పైన ముందు ఆరి బిగుసుకుపోయింది. లోపలింకా తడి. ఆ తడి తర్వాత పోయి లోపలిది కుంచించుకుంటుంటే, అప్పటికే గట్టిపడ్డ పైది ఏం చేస్తుంది? పగులుతుంది. పేలిన కుండది కూడా అదే కథ. పైకి ఎండినట్టు కనిపించింది, కడుపులో తడి దాచుకుంది, కొలిమిలో ఆ తడి ఆవిరై తన్నింది. నేను రెండుసార్లు ఓడిపోయాననుకున్నాను. ఓడింది ఒకే తప్పు చేతిలో.

ఇంత చిన్న సంగతి ఎందుకు తట్టలేదంటే, ఈ ఊళ్ళో ఎవరికీ తట్టదు. తడి అంటే సాయంత్రంలోగా పోవాల్సినది అని ఉగ్గుపాలతో నేర్చుకున్నాం. కుండ చేసేవాళ్ళు దాన్ని నీడలో పెట్టి తమ పని తాము చూసుకుంటారని మాకెవరు చెప్తారు?

ఇప్పుడు కొత్త చిక్కు. కుండకి కావలసింది ఇసుక కాదు, మంట కాదు. రాత్రుళ్ళు తడిగా ఉండే హక్కు. ఆ మాట పిన్నితో చెప్పాలి.

మంచుకాలం, మొదటి శుక్రవారం

చెప్పాను. ముందు ముద్ద చూపించాను, తర్వాత పెట్టెలో మర్చిపోయిన సంగతి చెప్పాను. పిన్ని కళ్ళు చిట్లించింది.

"రాత్రి తడి ఒగ్గీసినావా?"

"మర్చిపోనాను పిన్నీ. కానీ సూడు, పగల్లేదు. పెద్ద కుండ కూడా ఇలగే మెల్లగా ఆరాలి. ఓ పది రోజులు."

"పది రోజులు తడా? ఒలే, నీకు మతి పోనాదేటి?"

"పిన్నీ..."

"ఏటి పిన్ని? ముసిలోళ్ళు తడి తలల్తో వరసలో నిలబడతన్నారు. బాలింతలు పిల్లల గుడ్డలు తెస్తన్నారు. నా అక్క కూతురివని నీకొక్కదానికీ ఒగ్గీమంటావా? రేపు ఆళ్ళు నన్నడిగితే ఏటి సెప్పాలి?"

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే కోపం రాలేదు.

"నా స్నానం నీళ్ళు ముందే తొట్టిలో పోసీస్తాను. మట్టిలో ఎంత తడుంటే అంత. ఊరికి సుక్క తగ్గదు. కుండ ఆరినాకే మళ్ళీ స్నానం."

పిన్ని నన్ను పైకీ కిందకీ చూసింది. "నీ తాగే నీళ్ళు ముట్టకూడదు."

"ముట్టను."

"కంపు కొడితే నా దగ్గరకి రాకూడదు."

"రాను."

"అయితే నీ ఖర్మ" అంది. సంఘం భాషలో దాన్ని అనుమతి అంటారు.

మంచుకాలం, మూడో సోమవారం

కుండ ప్లాస్టిక్ పట్టా కింద కూర్చుంది. రోజూ అంచు కొంచెం కొంచెం ఎత్తుతున్నాను. మొదట్లో మూతిలోంచి నా చెయ్యి హాయిగా దూరేది, ఇప్పుడు గాజులు అడ్డం పడుతున్నాయి. అంటే అంత కుంచించుకుంది. ముదురు రంగు మూతి దగ్గర నుంచి మెల్లగా కిందికి దిగుతోంది. నీటి గీత ఎక్కడిదాకా దిగిందో చూడటానికి పని మధ్యలో కూడా ఓసారి పరుగెత్తుకొస్తున్నాను. మట్టి తన లోపలి సంగతులు ఇలా రంగుతో చెప్తుందని ఏ పాఠంలోనూ లేదు.

నా సంగతి చెప్పుకోవాలంటే, గొట్టాల దగ్గర నాతో పనిచేసేవాళ్ళు రెండు వరసలు అవతల ఉంటున్నారు. భోజనాల గదిలో నా బల్ల నాకే.

కొలిమి కోసం బావ దగ్గరకి వెళ్ళాను. దూరం నుంచే ముక్కు మూసుకున్నాడు. ఆ చెయ్యి చాటున నవ్వాడని నా నమ్మకం. మరమ్మతు కోసం వచ్చే వారం కొలిమి ఆర్పుతున్నారట.

"మళ్ళీ ఎలిగించినప్పుడు ఏడి మెల్లగా ఎక్కుతాది. సల్లకొలిమిలోనే పెట్టీ. ఈ ఇనప పెట్టెలో ఎట్టి మూతెయ్యి. పేలితే దాన్లోనే పేల్తాది" అన్నాడు.

"పేలదు బావా."

"పేలకపోతే మంచిదే. పేలితే మాత్రం మా ఇంటికి భోజనానికి రాకు మరదలా."

మరదలా అన్నాడు. చాలు.

మంచుకాలం, ఐదో శనివారం

పెట్టె మూత తీశారు. కుండ ఉంది! ముక్కలు కాదు, కుండ. కాల్చకముందు కంటే ఎర్రగా, నున్నగా, ఒక పక్క నల్లటి మచ్చతో. వేలితో తట్టితే ఖంగుమంది. కొలిమి దగ్గరున్న వాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి తట్టి చూశారు. బావ రెండుసార్లు తట్టాడు. నేను స్నానానికి వెళ్ళాను.

సాయంత్రం పిన్ని పరీక్ష కోసమని కొలిచి ఇచ్చిన నీళ్ళు ఆవిడ ఎదుటే నింపాను. కొత్త కుండ కాసిని నీళ్ళు తనే తాగేసింది. "నిలవాలి. రేప్పొద్దున్న సూస్తాను" అని పిన్ని వెళ్ళిపోయింది.

మంచుకాలం, ఐదో ఆదివారం

పొద్దున్నే ఇద్దరం మెట్ల కిందకి వెళ్ళాం. కుండ కడుపంతా నల్లగా తడిసి ఉంది. కింద చెక్క మీద తడి వలయం. లోపల నీళ్ళు రెండు వేళ్ళ మేర తగ్గాయి.

నా చెయ్యి నన్నడక్కుండానే వెళ్ళి కుండని తాకింది. తడి. ఇన్నేళ్ళుగా నా వేళ్ళకి తడి అంటే ఒకటే అర్థం.

"కారతన్నాది పిన్నీ" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

కారే వస్తువు ఊళ్ళో ఉండకూడదు, ఆ పూటే పనికిరానివాటిని పొడి చేసే పిండిమరకి వెళ్ళాలి. అది గిన్నె అయినా, గొట్టం అయినా, కుండ అయినా. మూడో గీత పడుతుంది. దానికంటే, ఇంత చేసి కూడా ఆ పాఠంలో వాక్యం ఉత్త అబద్ధమేమో అనిపించడం ఎక్కువ బాధగా ఉంది.

"నన్నట్టుకెల్లమంటావా, నువ్వే అట్టుకెల్తావా?" అంది పిన్ని. మెత్తగానే అడిగింది.

"నేనే."

నీళ్ళు ముందు తొట్టిలో పోయాలి. కుండని రెండు చేతులతో ఎత్తి గుండెకి ఆనించుకున్నాను. రెండడుగులు వేశానో లేదో రవికెలోంచి ఒంటికి ఏదో తగిలింది. ఆగిపోయాను.

కారే గొట్టం తడి గోరువెచ్చగా ఉంటుంది. లోపలి నీళ్ళు ఎలా ఉంటే పైన తడి అలా ఉంటుంది. ఇది చల్లగా ఉంది. బయటి గోడ కొరికినట్టు కాదు, వేరే రకం చల్లదనం.

కుండని దింపి మళ్ళీ తడిమాను, ఈసారి పనిగట్టుకుని, నాకు వచ్చిన విద్య అంతా ఉపయోగించి. కారడానికి ఒక చోటంటూ ఉంటుంది. అక్కడ చుక్క కడుతుంది, అక్కడి నుంచి జారుతుంది. దీనికి ఆ చోటు లేదు. కడుపు చుట్టూ ఎక్కడ ముట్టుకున్నా ఒకే తడి, చుక్క మాత్రం లేదు. మనిషికి చెమట పట్టినట్టు.

"ఏటి సేస్తన్నావే?"

"పిన్నీ, తలంటుకుని ఆరుడు గదిలో నిలబడతాం కదా. అంత ఏడిగాల్లో తల ఎందుకు సల్లగుంటాది?"

"తడి ఆరతాది కాబట్టి. ఆరేటప్పుడు సల్లగుంటాది. అది అందరికీ తెలిసిందేగా."

అందరికీ తెలిసిందే. రోజూ సాయంత్రం ఊరంతా వరసకట్టి నిలబడి, తడి ఆరుతూ ఆరుతూ ఒంట్లో వేడిని పట్టుకుపోవడం తెలుసుకుంటూనే ఉంది. కుండ చేస్తున్నది కూడా అదే. తన నీళ్ళలో కొంచెం ఒళ్ళంతా పట్టించుకుని, దాన్ని ఆరనిచ్చి, మిగిలినవాటి వేడి తీసేస్తోంది. మాస్టారు నన్ను కూర్చోబెట్టిన ప్రశ్నకి జవాబు ఇంత దగ్గర ఉంది!

గ్లాసు ముంచి తాగాను.

ఎలా ఉందో రాయడం నాకు చేతకావడం లేదు. నాలుక మీద, గొంతులో, ఛాతీలో అవి ఎక్కడిదాకా దిగాయో తెలిసింది. గోరువెచ్చటి నీళ్ళు ఎప్పుడు దిగాయో కూడా తెలియదు, వీటికి దారి ఉంది. నవ్వాను. పిన్ని చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఇన్నేళ్ళకి తెలిసింది, అదీ నా చేత్తో చేసినదానివల్ల తెలిసింది. ఇంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

"సల్లగున్నాయి సరే. తగ్గినవి ఏటయిపోనాయి?" అంది పిన్ని. ఆవిడ ఉద్యోగం ఆవిడది.

"గాల్లోకెల్లాయి. గాలి ఎవలిది? నీ పీల్చుడు గొట్టాలదే కదా."

ప్రతి మెట్ల కిందా గాలిలో తడిని పట్టే సీసా ఒకటి ఉంటుంది. పిన్ని వంగి మా మెట్ల సీసా విప్పి వెలుగులో పట్టుకుని చూసింది. రోజూ అడుగున తడిమరక ఉంటుంది, అంతే. ఇవాళ సగానికి పైగా నిండి ఉంది. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత గ్లాసు కోసం చెయ్యి చాపింది.

ఒక గుక్క నోట్లో పోసుకుని మింగకుండా అలాగే ఉంచుకుంది. తర్వాత మెల్లగా మింగింది. మళ్ళీ గ్లాసు ముందుకు పెట్టింది.

"కారిందా, లేదా పిన్నీ?" అన్నాను.

"ఇంకా సూడాలి. రేపొస్తాను" అంది.

మంచుకాలం, ఏడో బుధవారం

పిన్ని రోజూ పొద్దున్న తనిఖీకి వస్తోంది, సొంత గ్లాసుతో. ఇంకా చూడాలంటుంది. మూల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. బావ భోజనానికి పిలిచి, వచ్చేటప్పుడు ఒక చెంబుడు అట్టుకురా మరదలా అన్నాడు. సంఘం పెద్ద తాగి, పళ్ళు జివ్వుమన్నాయని ఊరంతా చెప్పుకుంటున్నాడు. నాకో కుండ, మాకో కుండ అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. నాకు పనొచ్చేసిందన్న ధీమాతో రెండోది మొదలుపెట్టాను, మళ్ళీ నా స్నానం నీళ్ళతోనే.

మంచుకాలం, తొమ్మిదో శుక్రవారం

రెండో కుండ పగిలింది. ఆరుతుండగానే, మెడ చుట్టూ, ఎవరో దారం కట్టి కోసినట్టు. కడుపు బాగుంది, అడుగు బాగుంది. మొదటిదానికి చేసినట్టే చేశాను. పట్టా అలాగే కప్పాను, అలాగే ఎత్తాను. ఎందుకు పగిలిందో తెలియలేదు. విడిపోయిన మెడని ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తుండగా పిన్ని గ్లాసుతో వచ్చింది.

గోడ మీద గీత కోసం బొగ్గు తీస్తుందనుకున్నాను. తియ్యలేదు. గ్లాసు కింద పెట్టి, నా పక్కన కూర్చుని, చీలిక అంచుని వేలితో రాసింది. వెలుగులో పెట్టి రంగు చూసింది.

"మెడ పల్సగా సేసినావు. కడుపు కంటే ముందు ఆరిపోనాది" అంది. "తడిగుడ్డ సుట్టలేదేటి?"

ఆవిడ ముఖంలోకి చూశాను. రాత్రికి ఎవరి ఇంట్లోనూ తడిచుక్క ఉండనివ్వని మనిషి, తడి ఉంచలేదేమని నన్ను మందలిస్తోంది. ఆవిడకి మాత్రం తను ఏమందో పట్టినట్టు లేదు.

"సుట్టలేదు పిన్నీ."

"మరదే" అని ఇంకోసారి అంచు చూసింది. కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, లేవబోతూ ముక్కు మీద కొంగు వేసుకుంది. "నీ నీళ్ళతో నువ్వు తానం సెయ్యి. పక్కన కూకోలేకపోతన్నాను. ఈసారి నా వాటా కలుపు."

మధ్యాహ్నం ఆవిడ స్నానం నీళ్ళు తెచ్చి పోసింది. మెడకి చుట్టడానికి తన పాత చీర చెంగు చింపి ఇచ్చింది. మట్టి తడిపాను.